పక్కపక్కన నడిచేంత చోటు

వీధుల విభాగం ముఖ్య అధికారి గారి సముఖమునకు,

ఆసుపత్రి వీధిలో తాళాలు బాగుచేసి, పోయిన తాళంచెవులకు మారు చెవులు చేసి ఇచ్చు దుకాణదారుడు వ్రాసుకొను అర్జీ.

విషయం: ఆసుపత్రి వీధి ఎడమ పక్క ఫుట్‌పాత్ తగ్గించి పార్కింగ్ గళ్ళు గీసిన సంగతి – సదరు గళ్ళలో మా గుమ్మం ఎదుటి గడిని ముందుగా రద్దుచేయ వేడుట – మా బావ తన కారును రోడ్డు మధ్యలో వదలి వెళ్ళినందుకు వచ్చిన తాఖీదుకు సంజాయిషీ – గురించి.

అయ్యా,

తమకు నమస్కరించి మనవి చేసుకొనునది ఏమనగా, ఇదే విషయమై నేను ఇదివరకు పెట్టుకున్న అర్జీ తమ దాకా వచ్చిందని నాకు నమ్మకం లేదు. కిటికీ దగ్గర దాన్ని అందుకున్న గుమాస్తాగారు విప్పకుండానే "సరే సరే, చూస్తాం" అన్నారు. చదవని కాగితానికి రెండుసార్లు సరే అనే మనిషిని నేను నమ్మను. అందుచేత ఈసారి తమ గది ముందున్న బల్ల మీద కూర్చుని, తమరు బయటికి వచ్చినప్పుడు చేతికే ఇవ్వదలచాను. తమరు వెనక తలుపు గుండా వెళ్ళిపోతారని ఒకరు చెప్పారు. ఆ తలుపు తాళం బాగుచేసింది నేనే. ఊరికే చెప్పాను, దీనికి వేరే అర్థం తీయవలదు.

అనుమానం నాకు వృత్తితో పాటు వచ్చిన గుణం. వేసిన తాళాన్ని మళ్ళీ లాగి చూసుకునే జనం ఉన్నంతకాలమే మాకు తిండి. కనుక ఈ అర్జీలో అనుమానాలు చాలా ఉంటాయి. వాటిలో ఏవి తప్పాయో, ఏవి నిజమయ్యాయో నేనే చెప్పేస్తాను. తమరికి శ్రమ ఉండదు.

1. మా ఇంటి వివరము.

మా ఇల్లు ఎడమ పక్క వరసలో ఉంది. ముందు గది నా దుకాణం. వెనక గదుల్లో మా అక్క, బావ ఉంటారు. నాకు పెళ్ళి కాలేదు. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఆమె గొంతు పెంచితే ఈ వయసులో కూడా లేచి నిలబడతాను.

అక్కకు నడివయసులో చూపు తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా పోయింది. అప్పటికే ఆమె వీధి చివరి ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. ఉద్యోగం మానెయ్యమని చుట్టాలందరూ చెప్పారు. "ఇదివరకు మాత్రం ఫోన్లో అవతలివాడు నాకు కనపడేవాడా ఏంటి?" అని అడిగింది. తెల్లకర్ర పట్టుకుని నడవడం నేర్చుకుని, మళ్ళీ పనిలోకి వెళ్ళింది.

ఆ నడక గురించి తమరికి చెప్పాలి. గోడ వెంబడి బయలుదేరేది. ఆవిరి వేడి చెంపకు తగిలితే డ్రైక్లీనింగ్ షాపు. గంట మోగితే మందుల షాపు తలుపు. ఉన్నట్టుండి గాలి చల్లబడితే సందు మలుపు. దారి పొడుగునా పలకరింపులు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వీధిలో ఎవరికి జలుబు చేసింది, ఎవరు ఎవరితో మాటలు మానేశారు, ఎవరింట్లో కొత్త కోడలు వంట మాడబెట్టింది అన్నీ ఆమె దగ్గర ఉండేవి. నేను రోజంతా వీధి వైపు ముఖం పెట్టుకునే కూర్చుంటాను. అయినా నాకు వీధి సంగతులు తెలిసేది ఆమె చెప్తేనే.

2. ఫుట్‌పాత్ కోసివేసిన సంగతి.

అట్లుండగా, ఒకరోజు పొద్దున్నే తమ విభాగంవారు గునపాలతో వచ్చి మా వరస ఫుట్‌పాత్ అంచు రాళ్ళు పెకలించారు. సగం ఫుట్‌పాత్ రోడ్డులో కలిపేసి, వాలుగా తెల్లగీతలు గీశారు. ఎందుకని అడిగితే పనివాళ్ళు "మాకేం తెలుసు సార్, గీయమన్నారు, గీశాం" అన్నారు. మర్నాటికల్లా ఆ గళ్ళలో కార్లు వచ్చి నిలబడ్డాయి. ముక్కు లోపలికి పెట్టి ఆగుతాయి కనుక ప్రతి కారు ముక్కూ మిగిలిన సగం ఫుట్‌పాత్ మీదికి తోసుకువస్తుంది. కార్లకూ గోడకూ మధ్య మిగిలిన చోట్లో మోటారు సైకిళ్ళు దూరాయి. వాటి తర్వాత మిగిలింది మనుషులకు. ఒక మనిషికి సరిపోతుంది, అదీ ఊపిరి బిగబట్టుకుంటే.

తెల్లకర్ర నేలను తడుముతూ పోతుంది. బంపరు కింద ఖాళీ ఉంటుంది కనుక కర్ర అందులోకి వెళ్ళి, దారి ఉందని చెప్తుంది. ఆ మాట నమ్మి అడుగు వేస్తే బంపరు మోకాలి కింద ఎముకకు తగులుతుంది. అక్క ఇది మాకు చెప్పలేదు. ఒక సాయంత్రం ఆమె మంచం మీద కూర్చుని కాలికి మందు రాసుకుంటుండగా నేను చూశాను. కాలు నల్లగా కమిలిపోయి ఉంది.

"ఏమిటక్కా ఇది?"

"ఏముంది, కొత్త పరిచయాలు. ఒక్కొక్క కారూ ఎంత ఎత్తుంటుందో తెలుస్తోంది."

నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ రోజు నుంచే దర్యాప్తు మొదలుపెట్టాను.

3. దర్యాప్తు.

ఏ ఇంట్లో దొంగతనం జరిగినా, తాళం పగలని పక్షంలో, మొదట చూడవలసింది ఆ సొమ్ము ఎవరికి పనికొస్తుందని. ఆ లెక్కన నాకు ముగ్గురి మీద అనుమానం కలిగింది.

(అ) పళ్ళ డాక్టరు. ఈయన దగ్గరికి వచ్చేవాళ్ళంతా కార్ల మీదే వస్తారు. పైగా ఒకరోజు నా దుకాణానికి వచ్చి, ఏదో బీరువా తాళం సంగతి మాట్లాడుతూ మాట్లాడుతూ, "మీ అక్కగారు పొద్దున్న ఎన్నింటికి బయలుదేరతారండీ?" అని అడిగాడు.

"ఎందుకు?" అన్నాను.

"ఊరికే."

ఊరికే అడిగేవాడు ఊరికే అడగడు. నేను చెప్పలేదు.

(ఆ) బ్యూటీ పార్లర్ ఆవిడ. మిగిలిన కాస్త ఫుట్‌పాత్ మీద పూలకుండీలు పెట్టింది. ఎవరి అండ చూసుకుని పెట్టిందని అనుమానం.

(ఇ) డ్రైక్లీనింగ్ ఆయన. పొద్దున్నే వచ్చి, తనవి కాని మోటారు సైకిళ్ళను అటూ ఇటూ ఈడుస్తుండగా నేను కళ్ళారా చూశాను. తన వ్యాను నిలుపుకోవడానికి చోటు కాజేస్తున్నాడని తేల్చుకున్నాను.

వీళ్ళను రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకుందామని షట్టరు సగం దించి, దాని కింద నుంచి చూస్తూ కూర్చున్నాను. అక్క బయలుదేరబోయే ముందు డ్రైక్లీనింగ్ ఆయన మోటారు సైకిళ్ళు పక్కకు లాగాడు. పార్లర్ ఆవిడ కుండీలు లోపలికి తీసుకుంది. పళ్ళ డాక్టరు బయటికి వచ్చి తన కారు కాస్త వెనక్కి తీశాడు. అక్క నడిచి వెళ్ళింది. ఆమె మలుపు తిరిగాక కుండీలు బయటికి వచ్చాయి, కారు ముందుకు వచ్చింది, డ్రైక్లీనింగ్ ఆయన చేతులు దులుపుకుని ఇస్త్రీపెట్టె దగ్గరికి వెళ్ళిపోయాడు. ఒకరు చేస్తున్నది ఇంకొకరికి తెలుసని కూడా నాకు అనిపించలేదు.

కనుక పై ముగ్గురి మీద అనుమానం ఇందుమూలముగా ఉపసంహరించుకుంటున్నాను. కుండీల విషయంలో పూర్తిగా ఉపసంహరించుకోవడం లేదు. అసలు లోపలే ఉంచుకోవచ్చు కదా.

4. తమ ఆఫీసులో జరిగిన సమావేశము.

తరవాత తమ విభాగంవారు వీధివాళ్ళందరినీ పిలిచి సమావేశం పెట్టారు. తమరు రాలేదు. తమ ఇంజనీరుగారు వచ్చారు. చిన్నావిడ. గోడకు పెద్ద పటం తగిలించి, "వీధి ఇంతే వెడల్పు. ఇందులోనే నడిచేవాళ్ళకీ, ఆగే బండ్లకీ, పోయే బండ్లకీ పంచాలి. ఒకరికి పెంచితే ఇంకొకరికి తగ్గుతుంది. మీరే చెప్పండి" అన్నారు. పంపకం మన చేత చేయించి, రేపు తిట్లు కూడా మనకే వదిలేసే ఎత్తు అని నాకు అనుమానం వచ్చింది.

అందరూ ఒక్కసారి లేచారు. టాక్సీవాళ్ళు, "మధ్యలో రోడ్డు అంగుళం తగ్గినా ఒప్పుకోం" అన్నారు. మందుల షాపాయన, "కార్లు ఆగకపోతే మందులు ఎవరు కొంటారు? నడిచి వచ్చేవాళ్ళు దగ్గు బిళ్ళలు కొంటారు" అన్నాడు. ఆసుపత్రి తరపున వచ్చిన నర్సు ఒకామె, "మీరేం పంచుకుంటారో పంచుకోండి, అంబులెన్స్ దారి మాత్రం ముట్టుకోకండి" అని, చెప్పవలసింది అయిపోయినట్టు కూర్చుంది.

నా వంతు వచ్చినప్పుడు అక్క కాలి సంగతి చెప్పి, "ఈ పార్కింగ్ అడిగిన పెద్దమనిషి ఎవరో ముందు బయటపెట్టండి" అని గట్టిగా అడిగాను.

ఇంజనీరుగారు నా వైపు వింతగా చూశారు. "మీకు తెలియదా? మీ వరసలో మొదట వచ్చి అడిగింది ఆయనే కదండీ" అని వెనక బెంచీ చూపించారు.

వెనక బెంచీలో మా బావ కూర్చుని ఉన్నాడు.

అయ్యా, నేను ఇంటి తలుపుకు తాళం వేసి వీధంతా వెతికాను. దొంగ వంటింట్లో కూర్చుని ఉన్నాడు.

5. మా బావ వాంగ్మూలము.

మా బావ సిటీ బస్సు డ్రైవరు. మాట తక్కువ మనిషి. ఆయన రోడ్డు మీద ఒకరిని తిట్టగా నేను వినలేదు, అదే డ్రైవర్లలో వింత. కొంతకాలం కిందట తోటి డ్రైవరు దగ్గర పాత కారు ఒకటి కొన్నాడు. బస్సు నడిపేవాడికి కారెందుకని నేను అప్పుడే అనుమానించి ఉండవలసింది.

సమావేశం నుంచి ఇద్దరం నడిచి వస్తుంటే దారిలోనే నిలదీశాను.

"బావా, అడిగింది నువ్వేనా?"

"నేనే."

"ఎందుకు?"

సందు మలుపు దగ్గర ఆగి చెప్పాడు. "ఒకరోజు బస్సు తీసుకుని మన వీధిలోంచే వస్తున్నాను. ఎదురుగా, ఆసుపత్రి ముందు, మీ అక్క రోడ్డు దాటుతోంది. పక్కనించి ఒక వ్యాను దూసుకొచ్చింది. జానెడు దూరంలో బ్రేకు వేశాడు రా. జానెడు. బస్సు నిండా జనం. నా కాలు బ్రేకు మీద బిగుసుకుపోయింది. దిగలేను, అరిచినా వినపడదు. ఆమె ఏమీ జరగనట్టే దాటుకుని వెళ్ళిపోయింది. ఆమెకి తెలియదు. చూసింది నేను."

"అక్కకి చెప్పొచ్చు కదా?"

"చెప్తే ఏమంటుంది? భయం మీది, కాళ్ళు నావి అంటుంది."

నిజమే, సరిగ్గా అలాగే అంటుంది.

అందువల్ల ఆయన వేసుకున్న ఉపాయం ఇది. గుమ్మం ముందే కారు ఆగితే అక్క ఇంట్లోంచి కారులోకి, కారులోంచి ఆసుపత్రిలోకి దిగుతుంది, రోడ్డు మీద అడుగే పెట్టదు. తమ ఆఫీసుకు వచ్చి నోటిమాటగా అడిగాడు. ఒక్క గడి అడిగితే తమవారు వరసంతా గీసి ఇచ్చారు. ప్రభుత్వంవారి దగ్గర ఇంత ధారాళం మేము ఎన్నడూ చూడలేదు, దీని మీద కూడా నాకు అనుమానమే ఉంది. తీరా కారు తెచ్చి నిలిపితే అక్క ఎక్కనంది. "కళ్ళు పోయాయి గానీ కాళ్ళు పోలేదండీ" అంది. కారు గుమ్మం ముందు ఊరికే నిలబడి ఉంది. ఆమె ఆ కారు పక్కనుంచే, ఆ బంపర్లకే కొట్టుకుంటూ నడిచింది. అది ఆయన రోజూ చూస్తూనే ఉన్నాడు. గడి రద్దు చెయ్యమని అడగడానికి మాత్రం నోరు రాలేదు. అడిగితే ముందు అడిగిందెవరో బయటపడుతుంది కదా.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అన్నాను.

ఆయనే చెప్పాడు. ఆ సాయంత్రం అక్క ఆరిన బట్టలు మడతపెడుతోంది. బావ తలుపు దగ్గర నిలబడి, పార్కింగ్ అడిగింది తనేనని చెప్పాడు. వ్యాను మాట మాత్రం ఎత్తలేదు. నేను మధ్యలో చెప్పబోతే కళ్ళతో వారించాడు. అక్క ఒక చొక్కా మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

6. కారులో ప్రయాణము.

మర్నాడు పొద్దున్న అక్క గుమ్మం దగ్గర నిలబడి, "పదండి, కారు తీయండి" అంది.

కోప్పడి ఉంటే మాకు ధైర్యంగా ఉండేది. ఆమె అలా మెత్తబడడం నేను ఎరుగను. నాకు అనుమానం వచ్చింది, బావకు మాత్రం సంతోషం వచ్చింది. రోజూ తీసుకెళ్ళి దించాడు. డ్యూటీ ముగించుకుని మళ్ళీ వెళ్ళి తీసుకొచ్చాడు. అద్దాలు బిగించిన కారులో అక్క ఒడిలో కర్ర మడిచి పెట్టుకుని కూర్చునేది.

పార్లర్ ఆవిడ వచ్చి, "అక్కగారు ఊళ్ళో లేరా?" అని అడిగింది. డ్రైక్లీనింగ్ ఆయన పొద్దున్నే మోటారు సైకిళ్ళు లాగి, కాసేపు నిలబడి, ఎవరూ రాకపోయేసరికి లోపలికి వెళ్ళేవాడు. భోజనాల దగ్గర వీధి సంగతులు ఆగిపోయాయి. చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. పెట్టింది తిని, చెయ్యి కడుక్కుని, వెళ్ళి పడుకునేది. ఒకరోజు బావ ఉండబట్టలేక, "సుఖంగానే ఉందా?" అని అడిగాడు.

"ఉంది" అంది.

సుఖంగా ఉందనే మాట అంత నీరసంగా ఎవరూ అనగా నేను వినలేదు. ఆ మాటకు బావ కూడా కంచం ముందు నుంచి లేచిపోయాడు.

7. కారు రోడ్డు మధ్యలో వదలివేసిన సంగతి (తాఖీదుకు సంజాయిషీ).

తాఖీదులో "సదరు వ్యక్తి ఉద్దేశపూర్వకముగా వాహనమును రోడ్డు మధ్య నిలిపి, తాళము వేసి, వెడలిపోయెను" అని ఉంది. నిలిపింది నిజం. తాళం పడింది నిజం. వెళ్ళిపోయింది నిజం. ఉద్దేశపూర్వకముగా అన్న మాటొక్కటి అబద్ధం.

ఆ రోజు గళ్ళన్నీ నిండిపోయాయి. సరుకు దించే లారీ ఒకటి చోటు దొరక్క రోడ్డు మీదే ఆగింది. దాని వెనక టాక్సీలు, వాటి వెనక మా బావ కారు. హారన్లు మోగుతున్నాయి. ఎవరూ కదలడం లేదు. లోపల జరిగిన మాటలు బావ తరవాత చెప్పాడు.

"ఎక్కడున్నాం?" అందట అక్క.

"డ్రైక్లీనింగ్ షాపు దగ్గర."

"ఇంకానా? నడిచి ఉంటే ఈపాటికి ఆసుపత్రిలో ఉండేదాన్ని." అని, కర్ర విప్పి, తలుపు తీసుకుని దిగి, దాన్ని ధన్‌మని మూసేసింది.

"ఏయ్, ఎక్కడికి? రోడ్డు మధ్యలో ఉన్నాం!"

"ఉంటే ఏంటి? అన్నీ ఆగే ఉన్నాయిగా. ఆగిన బండ్లు నన్నేం చేస్తాయి?"

రెండు వరసల బండ్ల మధ్య నుంచి నడక మొదలుపెట్టింది. కర్రతో ఒక్కొక్క బండినీ టక్కున తట్టి, దాటి, ఇంకో దాన్ని తడుతూ. బావ కంగారులో కారు దిగి, అలవాటుగా అన్ని తలుపులకూ తాళం పడే మీట నొక్కి తలుపు మూశాడు. తాళంచెవి లోపలే ఉంది. ఇంజను ఆడుతూనే ఉంది. ఆయన ఆమె వెనకాల పరుగెత్తాడు.

గోల విని నేను దుకాణంలోంచి బయటికి వచ్చాను. పళ్ళ డాక్టరు చేతికి తొడుగులతోనే గుమ్మంలో నిలబడ్డాడు. పార్లర్ ఆవిడ, ఆమె వెనక సగం జుట్టు కత్తిరించుకున్న ఒకామె. హారన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అక్క ముందు నడుస్తోంది. వెనకాల బావ, నడక నేర్చే పిల్ల వెనక తల్లి నడిచినట్టు, రెండు చేతులూ చాపి, తగలకుండా నడుస్తున్నాడు.

అక్క ఆగింది. "ఎవరది వెనకాల?"

"నేనే."

"ఏం చేస్తున్నారు?"

"ఏం లేదు."

"చేతులు దించండి. వస్తే పక్కన రండి. వెనకాల ఎవరన్నా వస్తుంటే నాకు అనుమానం."

అనుమానం మా ఇంటిల్లిపాదికీ ఉన్న జబ్బు అని తమరు గ్రహించవలెను.

బావ పక్కకు వచ్చాడు. అక్కడ, ఆగిన టాక్సీల మధ్య నడుస్తూ, వ్యాను సంగతి ఆమెకు చెప్పేశాడట. విని అక్క ఇంకో బండిని కర్రతో తట్టి దాటిందట. తరవాత, "ఆ బ్రేకు నేనూ విన్నానండీ. కాళ్ళు వణికిపోయాయి. ఇంటికొచ్చి చెప్తే మీరు భయపడి నడవనివ్వరని చెప్పలేదు" అందట. ఇద్దరూ ఆ ఒక్క బ్రేకునే, ఒకరికి తెలియకుండా ఒకరు, అన్నాళ్ళు మోశారు. ఒకే ఇంట్లో ఉంటూ నేను కనిపెట్టలేకపోయాను. నా దర్యాప్తు విలువ ఇంతే.

ఇక్కడ రోడ్డు మీద నా పరిస్థితి చిత్తగించవలెను. లారీ కదిలింది, టాక్సీలు కదిలాయి, కారు మాత్రం కదలదు. నేను పరికరాలు తెచ్చి తలుపు తెరవబోయేసరికి ట్రాఫిక్ పోలీసు వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవరిదా కారు?"

"మా బావది."

"బావ ఏడీ?"

"అక్కతో వెళ్ళాడు."

"ఇంజను ఆడుతుండగా, తాళం వేసి, రోడ్డు మధ్యలో వదిలేసి పెళ్ళాంతో షికారు వెళ్ళాడా?"

నిజం చెప్తే ఇంత అబద్ధంలా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. అందరినీ అనుమానించి బతికిన నన్ను ఒకడు దొంగ కింద చూడడం అదే మొదటిసారి. పళ్ళ డాక్టరు వచ్చి నేనెవరో చెప్పి విడిపించాడు. తలుపు తెరిచి కారు పక్కకు తీశాను. ఇంత సేపట్లో ఏ అంబులెన్సూ రాలేదు. వచ్చి ఉంటే అన్న తలపుకు నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. ఆ తప్పు బావ ఒప్పుకుంటున్నాడు, వేసిన శిక్షకు బద్ధుడు. తాఖీదులో "ఉద్దేశపూర్వకముగా" అనేది కొట్టివేసి, "కంగారులో" అని దిద్దించ ప్రార్థన.

8. ప్రస్తుత పరిస్థితి, కోరిక.

బావ సాయంత్రపు డ్యూటీకి మార్పించుకున్నాడు. పొద్దున్న అక్కతో కలిసి నడుస్తున్నాడు. వీధి సంగతులు మళ్ళీ మా భోజనాల్లోకి వచ్చాయి. బావ రాత్రి డ్యూటీ దిగి వచ్చాక ఇద్దరూ చెప్తారు కనుక ఒకరి కథకు ఇంకొకరి సవరణలు కూడా వినవలసి వస్తోంది. డ్రైక్లీనింగ్ ఆయన పని మళ్ళీ మొదలైంది.

చిక్కల్లా ఒకటే. మిగిలిన ఫుట్‌పాత్ మీద ఒక్కరే పడతారు. ఇద్దరూ మాట్లాడుకుంటూ నడవాలంటే ఒకరు రోడ్డు మీదికి దిగాలి. బావ దిగుతున్నాడు. బండ్లు ఆయన భుజం రాసుకుంటూ పోతున్నాయి. ఆయన అక్క వైపు ముఖం తిప్పి మాట్లాడుతూ నడుస్తాడు, వెనకనుంచి వచ్చే బండి చూసుకోడు. ఇదివరకు నాకు ఒకరి గురించే భయం. ఇప్పుడు ఇద్దరి గురించి.

రోడ్డు రబ్బరు కాదు, లాగితే సాగదని నాకు తెలుసు. అంబులెన్స్ దారి ముట్టుకోమని నేను అడగను. మందుల షాపాయనకు కార్లు కావాలి, ఒప్పుకుంటాను. కానీ తమ ఇంజనీరుగారే సమావేశం చివర ఒక మాట అన్నారు: కార్లను వాలుగా కాకుండా అంచు వెంబడి, ఒకదాని వెనక ఒకటిగా నిలిపితే ఆగే కార్లు తగ్గుతాయి గానీ పోయిన ఫుట్‌పాత్ చాలావరకు వెనక్కి వస్తుందని. అప్పటికే జనం లేచి వెళ్ళిపోతున్నారు, ఎవరూ వినలేదు. నేను విన్నాను. ఆవిడ మీద నాకున్న అనుమానం అక్కడితో పోయింది. పళ్ళ డాక్టరును అడిగితే, "పేషెంట్లు కాస్త దూరం నడుస్తారు, పంటినొప్పికి నడక మంచిదే" అన్నాడు. మంచిదని ఏ వైద్యంలో ఉందో నాకు తెలియదు గానీ, ఆయన ఒప్పుకున్నట్టే. పార్లర్ ఆవిడ కుండీలు లోపల పెట్టుకుంటానంది, నేను షట్టరు కింద నుంచి చూడడం మానేస్తే. మానేశాను.

కావున, మొట్టమొదట మా గుమ్మం ముందు గడినే తీసివేయవలెను. అడిగింది మా ఇంటివాడు, వద్దంటున్నది కూడా మా ఇంటివాడే. కావాలంటే బావ వచ్చి తమ ఎదుట నోటితో చెప్తాడు. అడిగినప్పుడు అంత చురుగ్గా గీసిన తమ విభాగం, వద్దన్నప్పుడు కూడా అంతే చురుగ్గా చెరుపుతుందా అన్నదే నాకు మిగిలిన అనుమానం.

కారు అమ్మకానికి పెట్టాము. పాతదే అయినా ఇంజను మంచిది, ఆ రోజు అంతసేపు ఆడినా వేడెక్కలేదు. తమ ఆఫీసులో ఎవరికైనా కావలసి ఉంటే వచ్చి చూడవచ్చును. ఈ మాటను లంచముగా భావించరాదు. ధర తగ్గించబడదు.

ఇవి తమరు చిత్తగించవలెను. చిత్తగించిన పిమ్మట బీరువాలో పెట్టి తాళము వేయకుండునట్లు కూడా చిత్తగించవలెను.

ఇట్లు,
గడి చెరిగే వరకు ఈ బల్ల మీదే కూర్చొను
తమ విధేయుడు,
తాళాల దుకాణదారుడు,
ఆసుపత్రి వీధి, ఎడమ పక్క.

తా.క. మడిచే ముందు ఇదంతా అక్కకు చదివి వినిపించాను. "ఇంత పొడుగెందుకురా? ఆయన చదివేలోపు ఇంకో వీధి కోసేస్తారు" అంది. ఇవన్నీ కొట్టేసి ఒక్క ముక్క రాయమంది. కొట్టెయ్యడానికి నాకు మనసొప్పలేదు, కింద కలుపుతున్నాను. అధికారిగారు ఒక పొద్దున వచ్చి తనతో పాటు మా గుమ్మం నుంచి ఆసుపత్రి దాకా నడవాలట. కళ్ళు మూసుకోనక్కర్లేదట, తెరుచుకునే నడవమంది. మధ్యలో కంగారు పుడితే తన మోచెయ్యి పట్టుకోవచ్చని కూడా రాయమంది. రాశాను.